ఆగస్టు 30కీ సెప్టెంబర్ 19కీ మధ్య 20 రోజులు

హనుమకొండలో, కాజీపేటలో హాకీ స్టిక్ పట్టిన పిలగాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "ఇండియా టీమోళ్లు బెంగళూరు క్యాంపుల రోజంతా ఏం జేస్తరు సార్?" ఫ్లిక్‌లు (బంతిని స్టిక్‌తో ఎత్తి విసరడం) కొడతారు, ఉరుకుతారు, జిమ్ చేస్తారు అని చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే. 2026లో ఆ క్యాంపు నడిచేది ఒక లెక్క మీద. ఆ లెక్క తెలిస్తే మన మొరం గ్రౌండ్ల మీద కూడా ఏం చేయొచ్చో, ఏం చేయలేమో తేలిపోతుంది.

లెక్క ఇది. పురుషుల హాకీ ప్రపంచకప్ ఆగస్టు 15 నుంచి 30 వరకు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వీన్‌లో, బెల్జియంలోని వావ్ర్‌లో. 2025 సెప్టెంబర్‌లో రాజ్‌గీర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ గెలవడంతో మన జట్టు దానికి నేరుగా అర్హత తెచ్చుకుంది. ప్రపంచకప్ ముగిసిన 20 రోజులకే, సెప్టెంబర్ 19న, జపాన్‌లో ఐచి-నగోయా ఆసియా క్రీడలు మొదలవుతాయి. అక్కడ బంగారు పతకం గెలిచిన జట్టుకు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ బెర్త్ నేరుగా దక్కుతుంది. ఒకటి 1975 తర్వాత మనకు మళ్లీ అందని కప్పు. ఇంకొకటి ఒలింపిక్స్ తలుపు. ఏదీ వదులుకునేది కాదు. రెండింటికీ అదే ఆటగాళ్లు, అవే కాళ్లు.

అందుకే ఈసారి తయారీలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న "ఎంత చేయించాలి" కాదు, "ఎప్పుడు ఆపాలి".

మామూలుగా పెద్ద టోర్నీకి శరీరాన్ని మూడు దశల్లో సిద్ధం చేస్తారు. ఎనిమిది, పది వారాల ముందు మోత, అంటే ఒంటి మీద పడే పని బరువు, ఎక్కువ: పొడవైన సెషన్లు, బరువులు, రోజుకు రెండుసార్లు గ్రౌండు. నాలుగైదు వారాల ముందు మోత కొంచెం తగ్గి వేగం పెరుగుతుంది, మ్యాచ్‌లు పెరుగుతాయి. చివరి ఏడు నుంచి 14 రోజుల్లో పని పరిమాణాన్ని 40 నుంచి 60 శాతం దాకా కోసేస్తారు. వేగం మాత్రం కోయరు. 90 నిమిషాల సెషన్ 45 నిమిషాలవుతుంది, కానీ ఆ 45లో కొట్టే స్ప్రింట్ మ్యాచ్ స్ప్రింటే. పరిమాణంతో పాటు వేగం కూడా తగ్గిస్తే కాళ్లు మొద్దుబారతాయి. రెండూ పెంచితే మొదటి మ్యాచ్‌కే అలసిపోయి దిగుతారు.

మన దగ్గర జిల్లా సెలక్షన్లకు ముందు జరిగేది సరిగ్గా తలకిందులు. నెలంతా వారానికి మూడు రోజుల ప్రాక్టీస్, సెలక్షన్ రెండు రోజులుందనగా పొద్దున నాలుగు రౌండ్లు, సాయంత్రం ఆరు రౌండ్లు ఎక్కువ. ఆ రెండు రోజుల పరుగు వల్ల దమ్ము పెరగదు. శరీరం మారడానికి వారాలు పడుతుంది, అలసట మాత్రం ఆ రాత్రికే వస్తుంది. పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది: చివరి మూడు రోజులు పిల్లల్ని ఉరికించకండి, తాజాగా ఉంచండి.

రెండు టోర్నీల మధ్య 20 రోజుల్లో ఈ మూడు దశలూ మళ్లీ పట్టవు. మొదటి నాలుగైదు రోజులు కోలుకోవడానికే పోతాయి. చివరి ఏడు రోజులు తగ్గింపు. మధ్యలో మిగిలేది ఎనిమిదో తొమ్మిదో రోజులు. పైగా గడియారం గోల ఒకటి. వేసవి వేళల్లో నెదర్లాండ్స్ మనకన్నా మూడున్నర గంటలు వెనక, జపాన్ మూడున్నర గంటలు ముందు. అంటే మొత్తం ఏడు గంటల తేడా, అదీ తూర్పు వైపు. తూర్పుకు పోతే నిద్ర ముందుకు జరగాలి, అది శరీరానికి కష్టం. గంట తేడాకు దాదాపు ఒక రోజు చొప్పున సర్దుకుంటుందని లెక్క వేసుకోవచ్చు. బెంగళూరు సరిగ్గా ఆ దారి నడుమ ఉండడం మనకు కలిసొచ్చేది: ఇంటికొచ్చి సగం తేడా సర్దుకుని, మిగతా సగం అక్కడికి ముందుగా చేరి సర్దుకోవచ్చు.

ఇంకో చిక్కు ఎండ. ఆగస్టులో ఆమ్‌స్టెల్వీన్ చల్లగా, గాలిగా ఉంటుంది. సెప్టెంబర్‌లో నగోయా ఉక్కపోత. ఆ రోజుల్లో బెంగళూరు కూడా చల్లనిదే, కాబట్టి అక్కడ మామూలుగా ప్రాక్టీస్ చేస్తే ఉక్కపోతకు శరీరం అలవాటు పడదు. ఎండకు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు కావాలి. అలవాటైన శరీరానికి చెమట తొందరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అదే పరుగుకు గుండె తక్కువ కొట్టుకుంటుంది. ఆ అలవాటు చల్లటి చోట రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది కూడా. అందుకే క్యాంపుల్లో వాడే ఉపాయం ఒకటుంది: ప్రాక్టీస్ అయిన వెంటనే 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో 20 నుంచి 40 నిమిషాలు, వరుసగా ఆరేడు రోజులు. డాక్టర్, ఫిజియో పక్కనుంటేనే చేసే పని అది. ఇంట్లో బకెట్లతో ప్రయత్నించేది కాదు.

ఈ విషయంలో ఓరుగల్లు పిల్లలు ముందున్నారు. మే నెలలో 44 డిగ్రీలు చూసిన ఒంటికి ఉక్కపోత కొత్త కాదు. అయితే ఎండకు అలవాటు పడడం వేరు, ఎండలో ఎండిపోవడం వేరు. తేడా తెలియడానికి ఒక తూకం మిషన్ చాలు. ప్రాక్టీస్‌కు ముందు ఒకసారి, తర్వాత చెమట తుడుచుకుని ఒకసారి బరువు చూడాలి. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా కొంచెం కొంచెంగా తాగాలి, ఓఆర్ఎస్ కలిపితే ఇంకా మంచిది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగా పనికొస్తుంది. శరీర బరువులో రెండు శాతం దాటి తగ్గుతుంటే, అంటే 50 కిలోల పిల్లకు కిలో దాటితే, సెషన్ మధ్యలో నీళ్ల విరామాలు చాలడం లేదన్నమాట. ఎండకాలంలో పొద్దున 5.30కు మొదలుపెట్టి 7.15కల్లా ముగించడమే న్యాయం.

ఇక బెంచ్ సంగతి. చాలామంది ఆటను పదకొండు మందితో లెక్కేస్తారు. ఇప్పటి హాకీలో ఆ లెక్క తప్పుతుంది. 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 60 నిమిషాలు. గోల్‌కీపర్ కాక పది స్థానాలు, అంటే పంచుకోవాల్సినవి 600 నిమిషాలు. మ్యాచ్‌కు 18 మంది, అందులో ఇద్దరు కీపర్లు అనుకుంటే 16 మంది ఆ 600ను పంచుకోవాలి. తలకు 37 నిమిషాల 30 సెకన్లు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు 50 నిమిషాల చొప్పున ఆడితే మిగతా 14 మందికి ఒక్కొక్కరికి 36 నిమిషాల లోపే. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కాబట్టి ఫార్వర్డ్ నాలుగైదు నిమిషాలు పూర్తి వేగంతో ఆడి బయటికొస్తాడు, మూడు నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ దిగుతాడు. ఆ నాలుగైదు నిమిషాల్లో నిమిషానికి 120 నుంచి 140 మీటర్లు కదలాలి. ఆరో నిమిషంలో కూడా లోపలే ఉంటే వేగం పడిపోతుంది. అప్పుడు ప్రెస్ చేయాల్సిన (ఎదుటివాళ్ల మీదికి పోయి ఒత్తిడి పెట్టాల్సిన) చోట చూస్తూ నిలబడతాడు, వెనకున్న మిడ్‌ఫీల్డర్ అతని పరుగు కూడా తానే ఉరుకుతాడు.

వీపు మీద బిగించిన జీపీఎస్ ముక్క చెప్పేది ఇదే. ఎంత దూరం ఉరికాడన్న దానికన్నా, నాలుగో క్వార్టర్‌లో స్ప్రింట్‌లు మొదటి క్వార్టర్‌తో పోలిస్తే ఎన్ని తగ్గాయన్నది ముఖ్యం. దమ్ము కొలవడానికి యో-యో పరీక్ష పెడతారు: 20 మీటర్లు వెళ్లి రావడం, బీప్ లోపు చేరడం, ప్రతి 40 మీటర్లకూ పది సెకన్ల విరామం, బీప్‌ల మధ్య సమయం తగ్గుతూ పోవడం. మొరం మీద ఈ పరీక్ష పెట్టొచ్చు కానీ తిరిగే చోట కాలు జారుతుంది, అందుకే లెవెల్ తక్కువొస్తుంది. ఆ అంకెను టర్ఫ్ మీది అంకెతో పోల్చి పిల్లల్ని చిన్నబుచ్చొద్దు. ఇదే గ్రౌండ్ మీద మూడు నెలల కింద వచ్చిన అంకెతో పోల్చుకుంటే చాలు.

ఇప్పుడు పెనాల్టీ కార్నర్, అంటే సాధారణంగా డి (గోల్ ముందున్న అర్ధవృత్తం) లోపల ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే అవకాశం. క్యాంపులో ఎక్కువ శ్రద్ధ పెట్టే పని ఇదే, పెట్టాలి కూడా. పారిస్‌లో 2024లో స్పెయిన్‌పై 2-1తో కంచు గెలిచినప్పుడు మన రెండు గోల్స్‌నూ హర్మన్‌ప్రీత్ సింగ్ కార్నర్ల మీదే కొట్టాడు. ఆ ఒలింపిక్స్‌లో అతనివి మొత్తం పది గోల్స్. బయటి నుంచి చూస్తే ఒక మనిషి ఫ్లిక్ కొట్టినట్టే ఉంటుంది. నిజానికి అది బంతిని నెట్టే పుషర్, దాన్ని ఆపే స్టాపర్, గోల్‌లోకి విసిరే ఫ్లికర్ ముగ్గురు కలిసి రెండు సెకన్ల లోపు చేసే పని. ముగ్గురిలో ఎవరు పదో వంతు సెకను పోగొట్టినా గోల్ పోయినట్టే.

కొలతలు చూడండి. బంతిని గోల్ పోస్ట్ నుంచి కనీసం పది మీటర్ల దూరంలో వెనుక గీత మీద పెడతారు. డి వ్యాసార్థం 14.63 మీటర్లు. గోల్‌కు ఎదురుగా డి పైభాగం దాకా బంతి వెళ్లాల్సిన దూరం సుమారు 19 మీటర్లు. మంచి పుష్ ఆ దూరాన్ని 1.3 సెకన్ల ప్రాంతంలో దాటిస్తుంది. స్టాపర్ దాన్ని డి బయట ఆపాలి, ఎందుకంటే బంతి డి దాటి బయటికి వెళ్లకుండా గోల్ కొడితే చెల్లదు. ఆపిన బంతి అర అడుగు కూడా పక్కకు జరగకూడదు. తర్వాత ఫ్లికర్ దాన్ని స్టిక్ మెడ దగ్గర పట్టి మీటరున్నర నుంచి రెండు మీటర్లు ఈడ్చి వదలడానికి ఇంకో అర సెకను. ఈలోగా అటువైపు గోల్ గీత మీదనుంచి రషర్ (ఫ్లిక్‌ను అడ్డుకోవడానికి దూకేవాడు) ఎదురొస్తాడు. నిలబడ్డ చోటు నుంచి 1.8 సెకన్లలో మంచి రషర్ దాదాపు తొమ్మిది పది మీటర్లు కొట్టేస్తాడు. అంటే బంతి వదిలేసరికి అతను నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటాడు. పుష్ 1.3 బదులు 1.5 అయిందనుకోండి, రషర్ ఇంకో మీటరున్నర దగ్గరికొస్తాడు, అప్పుడు గోల్ కుడివైపు మూల కనపడదు. అందుకే ఫ్లికర్ పేరే పేపర్లో వచ్చినా కోచ్‌లు ముందు పుషర్‌ను, స్టాపర్‌ను వెతుకుతారు.

హిట్‌గా కొట్టే మొదటి షాట్ గోల్ గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు, అంటే బ్యాక్ బోర్డు ఎత్తు. ఫ్లిక్‌కు, పుష్‌కు ఆ హద్దు లేదు. డ్రాగ్ ఫ్లిక్ (బంతిని ఈడ్చి విసిరే ఫ్లిక్) ఇంత విలువైన ఆయుధం కావడానికి ఈ ఒక్క నియమమే కారణం.

ఫ్లిక్‌లో తప్పు సాధారణంగా ఎక్కడొస్తుందంటే, చేతుల్లో కాదు, ఎడమ పాదంలో. ఆఖరి పెద్ద అడుగులో ఎడమ పాదం బంతిని దాటి ముందుకు, గోల్ వైపు పడాలి. తక్కువ దూరంలో పడితే ఈడ్చే దూరం తగ్గిపోతుంది, ఆ లోటును నడుముతో మెలితిప్పి తీర్చుకుంటారు. అలా ఏడాది కొడితే నడుము పోతుంది. ఎదుగుతున్న పిల్లల్లో ఇది మరీ ప్రమాదం. పెద్దవాళ్లకైనా సెషన్‌కు 40, 50 ఫ్లిక్‌లకు మించకుండా, వారానికి రెండు మూడు సెషన్లు చాలు. 14 ఏళ్ల పిల్లాడికి అందులో సగమే. అది కూడా ఖాళీ గోల్‌లోకి కొట్టుకుంటూ పోతే లాభం తక్కువ. ఐదు కొట్టి, 60 మీటర్లు రెండుసార్లు ఉరికి, మళ్లీ ఐదు. మ్యాచ్‌లో కార్నర్ వచ్చేది గుండె దడదడలాడుతున్నప్పుడే కదా.

స్టిక్ విషయంలో ఒక మాట. నియమం ప్రకారం వంపు 25 మిల్లీమీటర్లు, బరువు 737 గ్రాములు దాటకూడదు. ఫ్లిక్ కోసమని వంపు బాగా కిందికున్న లో-బో స్టిక్‌లు పిల్లలకు కొనిపెడుతున్నారు. వాటితో చదునుగా హిట్ కొట్టడం కష్టం, బంతి లేస్తుంది. మొరం మీద ఆడేవాళ్లకు అదింకా ఎక్కువ. ముందు మామూలు వంపున్న 36.5 అంగుళాల స్టిక్ మీద ట్రాపు, హిట్టు కుదరనివ్వాలి. మొరం రాపిడికి తల అడుగు భాగం కొన్ని నెలల్లోనే అరిగి ఫైబర్ పోగులు బయటపడతాయి. కొత్తగా ఉన్నప్పుడే అక్కడ టేప్ చుట్టి, పది రోజులకోసారి మార్చాలి.

కార్నర్‌ను ఆపేవాళ్లు కీపర్‌తో కలిపి ఐదుగురు. సాధారణంగా ఒకడు ముందుకు దూకుతాడు, ముగ్గురు వెనక చూసుకుంటారు. ఎదుటి జట్టు వేరియేషన్లు (నేరుగా ఫ్లిక్ కొట్టకుండా మార్చి ఆడే ఎత్తులు) ఎక్కువ ఆడేదైతే ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. మొదటి రషర్ నేరుగా బంతి మీదికి పరుగెత్తడు. ఫ్లికర్ స్టిక్ వైపు గీత పట్టుకుని, కీపర్‌కు ఒక మూలను పూర్తిగా వదిలి ఇంకో మూలను తాను మూస్తాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరూ ఒకే మూల మూస్తారు. కీపర్ నేరం లేకుండానే గోల్ పడేది ఇలాగే. పారిస్‌లో మన మొదటి రషర్ అమిత్ రోహిదాస్‌కు క్వార్టర్ ఫైనల్ 17వ నిమిషంలో రెడ్ కార్డ్ వచ్చింది. మిగతా మ్యాచంతా పది మందితో ఆడి, బ్రిటన్‌తో 1-1 చేసి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఎంత చెప్పుకున్నా తక్కువే. కానీ నిషేధం వల్ల అతను జర్మనీతో సెమీస్‌కు లేడు, మనం 2-3తో ఓడాం. ఓటమికి అదొక్కటే కారణమని అనను. మొదటి రషర్‌కు ప్రత్యామ్నాయంగా ఇంకో ఇద్దరు అదే గీత మీద, అదే వేగంతో దూకేలా క్యాంపులోనే తయారై ఉండాలన్నది మాత్రం ఖాయం.

రషర్లకు మాస్క్, మోకాలి గార్డులు, గ్లవ్స్ తప్పనిసరిగా ఉండాలి. 100 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే బంతికి ఐదు మీటర్లలో ఎదురుపోవడమది. మాస్క్‌తో 23 మీటర్ల ప్రాంతం దాటి బంతి ఆడకూడదు కాబట్టి, ఆపిన తర్వాత మాస్క్ తీసి విసిరేయడం కూడా ప్రాక్టీస్ చేస్తారు. మన స్కూల్ మ్యాచ్‌ల్లో గార్డుల్లేకుండా పిల్లల్ని రష్‌కు పంపడం చూస్తే భయమేస్తుంది. గార్డులు లేకపోతే డ్రాగ్ ఫ్లిక్ లేకుండా ఆడించండి, అంతే.

షూటౌట్ ఎనిమిది సెకన్లు. 23 మీటర్ల గీత నుంచి ఒక్కడు కీపర్ మీదికి. 2023 జనవరిలో భువనేశ్వర్ ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌పై 3-1 ఆధిక్యం నుంచి 3-3కు జారి, షూటౌట్ సడన్ డెత్‌లో 4-5తో బయటికొచ్చిన రోజు చాలామందికి గుర్తే. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఆలస్యంగా నిర్ణయించుకోవడం: మొదటి మూడు సెకన్లలో ఎటు తిప్పాలో తేల్చుకోకపోతే మిగతా ఐదూ కీపర్‌వే.

సరే, నీళ్లు చల్లిన నీలం టర్ఫ్ లేని చోట ఇందులో ఏం చేయొచ్చు? రష్ మొత్తం చేయొచ్చు. సున్నంతో గోల్ గీత, డి, పది మీటర్ల గుర్తు కొలిచి గీయండి, అడుగులతో అంచనా వేయొద్దు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, పుషర్ బంతి కదిలించిన క్షణం నుంచి రషర్ తొమ్మిది మీటర్ల గుర్తు దాటే క్షణం దాకా ఫ్రేములు లెక్కపెడితే సమయం తేలుతుంది. వారానికోసారి రాసిపెట్టండి. షూటౌట్ ఎనిమిది సెకన్లూ విజిల్‌తో చేయొచ్చు. మార్పిడి లెక్క చేయొచ్చు: బెంచ్ మీద ఒక పిల్లకు గడియారం, కాగితం ఇచ్చి ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాయించండి.

మొరం మీద కుదరనిది పుష్, స్టాప్. 19 మీటర్లలో బంతి కనీసం మూడు నాలుగు సార్లు ఎగురుతుంది, స్టాపర్ నేర్చుకునేది బంతిని ఆపడం కాదు, దాన్నుంచి తప్పించుకోవడమే. దానికి ఒక ఉపాయం ఉంది. డి పైభాగంలో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న ఆర్టిఫిషియల్ గ్రాస్ ముక్కను మేకులతో బిగించి, ప్రాక్టీస్‌కు ముందు రెండు బకెట్ల నీళ్లు పోయాలి. పుషర్‌ను 19 మీటర్ల నుంచి కాకుండా ఏడెనిమిది మీటర్ల నుంచి, నునుపు చేసిన సిమెంటు పట్టీ మీదుగా బంతి పంపించనివ్వండి. దూరం తగ్గినా స్టాపర్‌కు బంతి నేల మీద పాకుతూ వస్తుంది, ఫ్లికర్‌కు ఈడ్చడానికి తడి నేల దొరుకుతుంది. గ్రాస్ అంచు మొరం కన్నా పైకి లేవకుండా చుట్టూ మట్టి నింపి రోలర్ తిప్పాలి, లేకపోతే ఎడమ పాదం ఆ అంచుకు తగిలి చీలమండ బెణుకుతుంది. డింపుల్ బంతులు మొరానికి తొందరగా అరిగిపోతాయి కాబట్టి రెండు మూడు మంచి బంతులను ఈ పట్టీ కోసమే విడిగా డబ్బాలో దాచిపెట్టండి.